కంటైనర్ పడిపోతే ఫార్మాట్ కొట్టుడు కాదు, మొదటి లైను చదువుడు నేర్చుకుందాం

పోస్టు కొంచెం పొడుగుంటది, కూసొని నిమ్మలంగా చదవండి. కంప్యూటర్ చదువు కానోళ్ళు కూడా వదిలెయ్యకండి. ఇది ఒక్క సర్వర్ ముచ్చట కాదు.

పోయిన నెల కోదాడ రూములో ఉన్న మన సర్వర్ రెండు రోజులు పడిపోయిన సంగతి అందరికీ తెలుసు. ఆదివారం మాక్ టెస్ట్ ఉండె. సూర్యాపేట హాస్టల్ పిల్లలకు పేజీ తెరుచుకోలేదు. మిర్యాలగూడ నుంచి పొద్దున్నుంచి ఫోన్ల మీద ఫోన్లు. "అన్నా, రాసిన మార్కులు పోయినయా?" అని ఒక తమ్ముడు అడిగిన మాట ఇంకా నా చెవిలోనే ఉంది.

ముందు ఒప్పుకోవాల్సింది ఒప్పుకుంట. తప్పు నాదే. శుక్రవారం రాత్రి పది దాటినంక, ఎవ్వరికీ చెప్పకుండ, స్నాప్‌షాట్ తియ్యకుండ, కంటైనర్ లోపల డెబియన్ 12ను డెబియన్ 13కు ఎక్కించిన. "నాకు తెలుసులే" అనుకున్న. పొద్దున లేచి చూస్తే కంటైనర్ నడుస్తున్నట్టే కనబడుతుంది గాని లోపల ఏ పని జరుగుతలేదు. లాగిన్ తెర కూడా నల్లగా ఉంది.

ఆ తర్వాత గ్రూపులో రెండు మాటలు వచ్చినయి. ఒకటి, "ఫార్మాట్ కొట్టి కొత్తగా వేద్దాం." రెండు, "ఈ సర్వర్ లొల్లి మనకెందుకు, అన్నీ ఫ్రీ డ్రైవ్‌లో పడేద్దాం." రెండిటికీ జవాబు చెప్పాలనే ఈ పోస్టు. అసలు ఏమైందో చెప్పకుండ అభిప్రాయం చెప్తే అది గాలి మాట అయితది. అందుకని ముందు ఏమైందో చెప్త.

తండా లెక్క చెప్తే

కంటైనర్ అంటే ఏందో మన తండా లెక్కలో చెప్త. 2018 పంచాయతీరాజ్ చట్టం రాకముందు మన తండాలు చాలా వరకు పెద్ద ఊరి పంచాయతీ కిందనే ఉండె. మన ఇండ్లు మనవి, మన నాయక్ మనవాడు, మన తీజ్ మనది. కానీ నీళ్ళ ట్యాంకు పెద్ద ఊరిది, ట్రాన్స్‌ఫార్మర్ పెద్ద ఊరిది. ఏదన్నా తీర్మానం కావాలంటే అక్కడికే పోవాలె.

కంటైనర్ కూడా అచ్చం గట్లనే. లోపల దాని ఫైళ్ళు దానివి, దాని యూజర్లు దానికి ఉంటరు. కానీ కెర్నల్ మాత్రం బయట ఉన్న హోస్ట్‌ది. వర్చువల్ మిషన్ అట్ల కాదు, దానికి సొంత కెర్నల్ ఉంటది, అంటే సొంత ట్యాంకు, సొంత ట్రాన్స్‌ఫార్మర్ అన్నట్టు. ఖర్చు ఎక్కువ. మనది ఎవరో ఇచ్చిన పాత డెస్క్‌టాప్, అందుకే మన సీనియర్ అన్న 2021లో కంటైనర్ పెట్టిండు. మంచి పనే చేసిండు.

లినక్స్‌లో మొదట లేచే ప్రోగ్రామ్‌ను ఇనిట్ అంటరు. దాని నంబరు ఎప్పుడూ 1. మిగతా సర్వీసులన్నీ అదే లేపుతది, పడిపోతే అదే చూసుకుంటది. అంటే తండా నాయక్ అన్నట్టు. నాయక్ పొద్దున లేచి "నువ్వు నీళ్ళకు పో, నువ్వు చేనుకు పో" అని చెప్తేనే పని మొదలైతది. ఇప్పుడు చాలా లినక్స్‌లలో ఈ నాయక్ పేరు సిస్టమ్‌డి. లెనార్ట్ పోటరింగ్, కే సీవర్స్ అనే ఇద్దరు 2010లో మొదలుపెట్టిన్రు. డెబియన్‌లో 2015లో వచ్చిన జెస్సీ నుంచి అదే మామూలు ఇనిట్ అయింది. అప్పుడు పెద్ద పెద్ద ఇంజనీర్లే దాని మీద కొట్లాడుకున్నరు, నచ్చనోళ్ళు విడిపోయి డెవువాన్ అని వేరే లినక్సే పెట్టుకున్నరు. కాబట్టి ఇనిట్ మారితే మనకు తలకాయ తిరిగిందంటే సిగ్గుపడాల్సిన పని లేదు.

డెబియన్ 12లో సిస్టమ్‌డి 252 ఉంది. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13లో 257 ఉంది. నంబరులో తేడా ఐదే గాని నాయక్ పద్ధతి చాలా మారింది. కొత్త నాయక్ ఏమంటడంటే, "నేను ఎవరిని పనికి పంపినా వానికి ఒక తాళం పెట్టె ఇస్త, అందులో వానికి కావాల్సిన రహస్యాలు పెడ్త, ఆ పెట్టె వేరేవాడు చూడకుండ మధ్యల గోడ కడ్త" అంటడు. ఆ పెట్టెనే క్రెడెన్షియల్స్ అంటరు. ఆ గోడనే నేమ్‌స్పేస్ అంటరు. ఆలోచన మంచిదే. ఒక సర్వీస్‌లో దొంగ దూరినా పక్కదాని పెట్టె ముట్టలేడు.

కానీ గోడ కట్టాలంటే మౌంట్ చేసే అనుమతి ఉండాలె. మన కంటైనర్‌కు ఆ అనుమతి లేదు. హోస్ట్ మీద యాప్‌ఆర్మర్ అనే కావలి ఉంటది. "కంటైనర్ లోపలోళ్ళు కొత్తగా ఏదీ మౌంట్ చెయ్యొద్దు" అని దానికి పాత రూలు. నాయక్ పెట్టె లేకుండ పనికి పంపనంటడు, కావలోడు గోడ కట్టనియ్యడు. ఇద్దరి మధ్యల ఇరుక్కొని పనులన్నీ ఆగిపోయినయి. ఎవడూ చెడ్డోడు కాదు, ఏదీ ఖరాబు కాలేదు. అనుమతి ఒక్కటే తక్కువైంది.

ఎట్ల దొరికింది

శనివారం పొద్దంతా నేను చేసిన పనులు వింటే నవ్వుతరు. కంటైనర్‌ను పదిసార్లు ఆపి పదిసార్లు లేపిన. రౌటర్ తీసి పెట్టిన. నెట్ కేబుల్ మార్చిన. టౌన్లో ఒక షాపాయన దగ్గరికి పోతే, తెర కూడా చూడకుండనే "ఫార్మాటే, డేటా గ్యారంటీ లేదు" అన్నడు. నేను దాదాపు సరే అన్న. ఆ సరే అని ఉంటే రెండేళ్ళ మాక్ టెస్ట్ మార్కులు మొత్తం పోయేటివి. ఎందుకంటే పీడీఎఫ్‌లకు కాపీ ఉంది గాని మార్కుల డేటాబేస్‌కు మన దగ్గర వేరే కాపీ లేదు. ఇది కూడా మన తప్పే. దాని గురించి కింద చెప్త.

దొరికించింది నేను కాదు. మిర్యాలగూడలో డిప్లొమా చదివే మన చెల్లె. వీడియో కాల్‌లో తెర చూపిస్తుంటే, "అన్నా, నువ్వు స్టార్ట్ కొట్టినప్పుడు మొదట ఒక పసుపు లైను వస్తుంది, అది చదవవేంది?" అన్నది. చదివిన. దాని అర్థం ఇంతే: సిస్టమ్‌డి 257 కనబడింది, నెస్టింగ్ ఆన్ చెయ్యాల్సి రావచ్చు.

పొద్దున్నుంచి పదిసార్లు ఆ లైను నా ముందట నుంచి పోయింది. రోగం పేరు, మందు పేరు రెండూ అందులనే ఉన్నయి. నేను చదవలేదు. ఎందుకు చదవలేదో నిజాయితీగా చెప్త. ఇంగ్లీష్ లైను కనబడంగనే నా కండ్లు కిందికి జారిపోతయి. చిన్నప్పటి అలవాటు. ఇంట్లో గోర్ బోలి, బడిలో తెలుగు, కంప్యూటర్‌లో ఇంగ్లీష్. మూడో మెట్టు మీద కాలు పెట్టాలంటే ఇంకా లోపల భయం ఉంది. మనలో చాలామందికి ఉంది, పైకి చెప్పరు అంతే.

ఆమె చెప్పినంక వరుసగా చేసిన పనులు రాస్తున్న. రేపు ఎవరికైనా అక్కరకొస్తయి.

ఒకటి. కంటైనర్ లోపలికి మామూలు లాగిన్ రాకున్నా, హోస్ట్ నుంచి నేరుగా లోపలికి పోవచ్చు. మనది ప్రాక్స్‌మాక్స్ 9 కాబట్టి, హోస్ట్ మీద పీసీటీ ఎంటర్ అని రాసి కంటైనర్ నంబరు ఇస్తే సరిపోతది. నాయక్ మాట్లాడకున్నా వెనుక తలుపు ఉందన్నట్టు.

రెండు. లోపలికి పోయినంక సిస్టమ్‌సీటీఎల్‌తో పడిపోయిన సర్వీసుల లిస్టు అడిగిన. వరుసగా ఎర్రగా వచ్చినయి. ఒక్కొక్కదాని స్టేటస్ చూస్తే కొన్నిటికి 243, పక్కన క్రెడెన్షియల్స్ అని ఉంది. కొన్నిటికి 226, పక్కన నేమ్‌స్పేస్ అని ఉంది. ఈ రెండు నంబర్లు గుర్తుపెట్టుకోండి. 243 అంటే తాళం పెట్టె ఇయ్యలేకపోయిండు, 226 అంటే గోడ కట్టలేకపోయిండు. నెట్‌వర్క్ ఎందుకు రాలేదో, లాగిన్ తెర ఎందుకు నల్లగుందో అక్కడ అర్థమైంది. కేబుల్‌కూ రౌటర్‌కూ సంబంధమే లేదు.

మూడు. బాగు చెయ్యకముందే కంటైనర్‌ను ఆపి వీజెడ్‌డంప్‌తో మొత్తం బ్యాకప్ తీసిన. పగిలిన కుండకు బ్యాకప్ ఎందుకు అనుకోవద్దు. లోపల డేటా పగలలేదు. అతుకు పెట్టేటప్పుడు ఇంకో తప్పు జరిగితే మళ్ళా ఇక్కడికన్నా రావచ్చు.

నాలుగు. హోస్ట్‌లో ఆ కంటైనర్ ఆప్షన్లలో ఫీచర్స్ తెరిచి నెస్టింగ్ దగ్గర టిక్ పెట్టిన. కమాండ్‌తో అయితే పీసీటీ సెట్, కంటైనర్ నంబరు, ఫీచర్స్ దగ్గర నెస్టింగ్ విలువ 1. ఇన్‌కస్ గాని ఎల్ఎక్స్‌డీ గాని వాడేటోళ్ళకు అదే పని సెక్యూరిటీ డాట్ నెస్టింగ్ ట్రూ అని పెడితే అయితది.

ఐదు. కంటైనర్ లేపి, పడిపోయిన లిస్టు మళ్ళా అడిగిన. సున్నా. లాగిన్ తెర వచ్చింది. పేజీ తెరుచుకుంది. మార్కులు ఎక్కడియి అక్కడనే ఉన్నయి. శనివారం పొద్దంతా, ఆదివారం మధ్యాహ్నం దాకా తండ్లాడితే, అసలు పని ఒక్క టిక్కు.

ఇంకో సంగతి దొరికింది. సీనియర్ అన్న అప్పట్లోనే 226 ఎర్రర్ చూసిండు. అయితే నెస్టింగ్ పెట్టకుండ, పడిపోయిన రెండు మూడు సర్వీసులకు మాత్రం "నీకు గోడ అక్కర లేదు" అని విడివిడిగా చిన్న ఫైళ్ళు రాసి పెట్టిండు. నాలుగేళ్ళు అవే కాపాడినయి. కొత్త నాయక్ వచ్చి అందరికీ పెట్టె అన్నంక ఆ అతుకులు చాలలేదు. ఆయనను తప్పు పడ్తలేను, ఆయన లేకుంటే ఈ సర్వరే లేదు. కానీ ఆయన ఆ అతుకులు ఎందుకు పెట్టిండో ఎక్కడా రాసి పెట్టలేదు. ఉద్యోగం వచ్చి హైదరాబాద్ పోయిండు, ఆ జ్ఞాపకం కూడా ఆయనతోనే పోయింది.

ఇంటర్నెట్‌ల దొరికే తప్పు మందులు

ఈ ఎర్రర్ గురించి వెతికితే మూడు నాలుగు రకాల సలహాలు దొరుకుతయి. వాటి గురించి నా అభిప్రాయం గట్టిగానే చెప్త.

"కంటైనర్‌ను ప్రివిలేజ్డ్ చెయ్యండి" అని ఒకరంటరు. వద్దు. మన కంటైనర్ అన్‌ప్రివిలేజ్డ్. లోపలి రూట్ యూజర్ బయట హోస్ట్ మీద మామూలు మనిషి కింద లెక్క. ప్రివిలేజ్డ్ చేస్తే లోపలి రూట్ బయట కూడా రూటే. తండాలో తాళం పోయిందని పెద్ద ఊరి తాళాలన్నీ తీసేసినట్టు.

"యాప్‌ఆర్మర్ తీసేయండి" అని ఇంకొకరంటరు. కావలోడు ఒక్క పనికి అడ్డమొచ్చిండని కావలే లేకుండ చేస్తమా?

"పాత సిస్టమ్‌డికే కట్టేసి పెట్టండి" అనేటోళ్ళు కూడా ఉన్నరు. కొత్త డెబియన్ మీద పాత ఇనిట్ నిలబెట్టాలంటే రేపటి ప్రతి అప్‌డేట్‌కూ కొట్లాటే.

నెస్టింగ్ కూడా ఉత్తగ రాదు, దానికీ ఒక ఖర్చుంది. అది పెడితే హోస్ట్‌లోని ప్రాక్, సిస్ అనే ఫోల్డర్ల సమాచారం కంటైనర్ లోపలికి కనబడుతది. అందుకే అన్‌ప్రివిలేజ్డ్ కంటైనర్‌కే అది పెట్టాలె, లోపల ఎవరిని పడితే వాళ్ళను లాగిన్ కానియ్యకూడదు. మన దాంట్లో లాగిన్ ఇద్దరికే ఉంది కాబట్టి సరిపోయింది. ఏ మందుకైనా ఏం నష్టముందో తెలుసుకొని మింగాలె.

దీనికి ఉల్టా రోగం కూడా ఉంది. కంటైనర్ కొత్తదైతే అనుమతి చాలదు. అదే కంటైనర్ మరీ పాతదై హోస్ట్ కొత్తదైతే, నాయక్‌కు కొత్త ఊరి లెక్కలే అర్థం కావు. ఎవరికి ఎంత మెమరీ, ఎంత ప్రాసెసర్ అని పంచే పద్ధతిని సీగ్రూప్ అంటరు. దాంట్లో ఒకటో వెర్షన్ పోయి రెండో వెర్షన్ వచ్చింది. డెబియన్ 2021లో 11తోనే రెండోదానికి మారింది. సెంటాస్ 7లో ఉన్న సిస్టమ్‌డి 219, ఉబుంటు 16.04లో ఉన్న 229, ఇవి రెండో వెర్షన్ ఒక్కటే ఉన్న హోస్ట్ మీద లేవవు. ప్రాక్స్‌మాక్స్ 9లో ఒకటో వెర్షన్ తీసేసిన్రు, సిస్టమ్‌డి కూడా 258లో దాన్ని పూర్తిగా వదిలేసింది. ఇట్లాంటి కంటైనర్ ఎవరి దగ్గరైనా ఉంటే దానికి టిక్కు మందు లేదు, డేటా తీసి కొత్త కంటైనర్‌లోకి మార్చుకునుడే. ఎట్లా సెంటాస్ 7కు 2024 జూన్ 30తోనే అప్‌డేట్లు ఆగిపోయినయి.

ఇక నా మాట

ఫ్రీ డ్రైవ్‌లో పడేద్దాం అన్న తమ్ముళ్ళ మాటను నేను తేలిగ్గా తీసుకుంటలేను. వాళ్ళ మాటలో నిజముంది. పరీక్ష ముందట పిల్లోనికి పేపర్ కావాలె, నా సిస్టమ్‌డి కథ కాదు. పీడీఎఫ్‌లు అన్నీ డ్రైవ్‌లో కూడా పెడదాం, దానికి నేను సై. రెండు చోట్ల ఉంటే నష్టమేముంది?

కానీ సర్వర్ తీసేద్దాం అంటే మాత్రం ఒప్పుకోను. ఎందుకో చెప్త.

మనోళ్ళు ఎంతమంది హైదరాబాద్ పోయి, ఇంట్లో అప్పు చేసి, లినక్స్ కోర్సు, డెవ్ఆప్స్ కోర్సు అని ఫీజులు కట్టిన్రో మనకు తెలుసు. సర్టిఫికెట్ వస్తది. ఇంటర్వ్యూల "ప్రొడక్షన్‌ల ఏదన్నా పడిపోతే ఏం చేసినవ్?" అని అడిగితే నోరు పెగలదు. ఎందుకంటే కోర్సులో ఏదీ పడిపోదు. అన్నీ నడిచేటట్టే చూపిస్తరు. నిజంగ పడిపోయిన సర్వర్, అవతల నిజంగ ఎదురుచూసే పిల్లలు, లోపల నిజంగ పోగొట్టుకోకూడని డేటా, ఇవి ఏ కోచింగ్ సెంటర్ల దొరకవు. మన కోదాడ రూములో పాత డెస్క్‌టాప్‌లో ఉన్నయి, ఫీజు లేకుండ.

వేరే ఇండ్లల్లో పిల్లోనికి డౌట్ వస్తే బాబాయి ఉంటడు, మేనమామ ఉంటడు, అమెరికాల అన్న ఉంటడు. రాత్రి పదికి ఫోన్ కొడితే చెప్తరు. మన తండాల్లో చాలామంది ఇంట్లో మొదటి డిగ్రీ మనదే. రాత్రి పదికి ఫోన్ కొట్టాలంటే ఎవరికి కొడతం? ఈ గ్రూపులో ఉన్నోళ్ళకే. కాబట్టి ఈ గ్రూపులో ఆ ఫోన్ ఎత్తేటోళ్ళు తయారు కావాలె. అట్లా తయారు కావాలంటే చేతులు పెట్టడానికి ఒక మిషన్ మన దగ్గర ఉండాలె.

ఫార్మాట్ ముచ్చట అంతకన్నా పెద్దది. ఫార్మాట్ అంటే "నాకు అర్థం కాలేదు, అర్థం చేసుకోను కూడా" అని సంతకం పెట్టుడు. షాపాయనకు అది లాభమే, పది నిమిషాల పని. మనకు మాత్రం ఏమీ మిగలదు. డేటా పోతది, ఎందుకు పడిందో తెలువది, రేపు మళ్ళా పడితే మళ్ళా అదే షాపు. మన తాతలు కాగితం మీద ఏం రాసుందో తెలువక వేలిముద్ర వేసిన్రు. వాళ్ళకు చదువు అందలేదు, వాళ్ళ తప్పు కాదు. మనం చదువుకొని కూడా తెర మీద ఏం రాసుందో చూడకుండ ఫార్మాట్‌కు సరే అంటే, అది వేలిముద్ర కాకపోతే ఏంది? నేనే ఆ వేలిముద్ర వెయ్యబోయిన, అందుకే ఇంత గట్టిగా చెప్తున్న.

అయితే సర్వర్ ఉండాలె అంటే ఇప్పుడున్నట్టు ఉండుడు కాదు. ఒక్కడు పెట్టిండు, ఒక్కడు పాడు చేసిండు, ఒక్క చెల్లె కాపాడింది. ఇది పద్ధతి కాదు, అదృష్టం. కాబట్టి నేను ఈ కట్టుబాట్లు పెడదాం అంటున్న.

అప్‌గ్రేడ్ ఒక్కరే చెయ్యొద్దు. ఇద్దరు కూసొనే చెయ్యాలె. మాక్ టెస్ట్‌కు వారం ముందు నుంచి ఏదీ ముట్టుకోవద్దు. ఈ రూలు అందరికన్నా ముందు నాకే.

ముందు స్నాప్‌షాట్, తర్వాతే అప్‌గ్రేడ్. ఇంకా మంచిది, కంటైనర్‌కు కాపీ తీసి ముందు ఆ కాపీని అప్‌గ్రేడ్ చేసి చూసుడు. అది పడిపోతే ఎవ్వరికీ నష్టం లేదు. నేను ఇదొక్కటి చేసి ఉంటే ఈ పోస్టే ఉండేది కాదు.

మార్కుల డేటాబేస్ ప్రతి రాత్రి వేరే డిస్క్‌కు కాపీ కావాలె. నెలకోసారి ఆ కాపీని తెరిచి చూడాలె. తెరిచి చూడని బ్యాకప్ బ్యాకప్ కాదు.

ఒక నోట్‌బుక్ పెడదాం. కాగితం నోట్‌బుక్కే, రూములో సర్వర్ పక్కనే. ఏ తారీఖున ఎవరు ఏం మార్చిన్రు, ఎందుకు మార్చిన్రు. తెలుగుల రాయండి, ఎట్ల వస్తే అట్ల రాయండి. మొదటి పేజీ నేను రాసిన. నా తప్పు, 243, 226, నెస్టింగ్, సీనియర్ అన్న పెట్టిన అతుకులు, వాటిని ఏ వరుసలో తీసేసినమో అన్నీ ఉన్నయి.

ఆఖరిది, అన్నిటికన్నా ముఖ్యమైంది. సూర్యాపేట నుంచి ఇద్దరు, కోదాడ నుంచి ఇద్దరు, మిర్యాలగూడ నుంచి ఇద్దరు ఈ సర్వర్ నేర్చుకోవాలె. ఆరుగురిలో ముగ్గురు ఆడపిల్లలు ఉండాలె. దయ కొద్దీ అంటలేను. మొన్న లైను చదివింది ఎవరో చూసినం కదా. తెలుగు మీడియం వాళ్ళైతే ఇంకా మంచిది, ఎందుకంటే వాళ్ళు నేర్చుకుంటే వాళ్ళు రాసే నోట్స్ మిగతా తెలుగు మీడియం వాళ్ళకు అందుతయి.

ఎర్రర్ చదువుడు గురించి ఒక చిన్న ఉపాయం చెప్పి ముగిస్త. లైను మొత్తం అర్థం కావాల్సిన పని లేదు. మూడే వెతకండి. ఎవరు పడిపోయిన్రు, అంటే సర్వీస్ పేరు. ఏ మెట్టు మీద పడిపోయిన్రు, అంటే నంబరు, దాని పక్క మాట. ఎవరు ఆపిన్రు, అంటే అనుమతి లేదు అన్న మాట ఉందా లేదా. ఈ మూడు కాగితం మీద రాసుకుంటే సగం రోగం తెలిసినట్టే. మొదటి లైను నుంచే చదవండి, ఆఖరి లైను నుంచి కాదు. ఆఖరున వచ్చేవి చాలాసార్లు మొదటి తప్పు వల్ల పడిపోయినవే ఉంటయి.

నాకు సీనియర్ అన్న కావల్సినప్పుడు ఫోన్ ఎత్తిండు, చెల్లె కావల్సినప్పుడు తెర చూసింది. ఆ ఇద్దరికీ గ్రూపు ముందట థ్యాంక్స్ చెప్తున్న. మాక్ టెస్ట్ రాయలేకపోయిన తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు క్షమించమని అడుగుతున్న. ఆ టెస్ట్ మళ్ళా పెడుతున్నం, మీ పాత మార్కులు భద్రంగ ఉన్నయి.

వచ్చే ఆదివారం పొద్దున కోదాడ రూములో కూసుందాం. ఒక కంటైనర్ కాపీ తీసి, నెస్టింగ్ టిక్కు తీసేసి, కావాలని పడగొడ్త. వచ్చినోళ్ళు ఒక్కొక్కరు దాన్ని లేపాలె. నేను పక్కన కూసుంట గాని నోరు తెరవను. రావాలనుకునేటోళ్ళు పేరు, ఊరు రాయండి. లాప్‌టాప్ లేకున్నా ఫర్వాలేదు, ఒక పెన్ను తెచ్చుకోండి.

జై సేవాలాల్.